సొట్టలు, మసి, పాత మిలిటరీ రైఫిళ్లు

(టెక్సాస్‌లో షూటింగ్ అభిరుచి ఉన్న తెలుగువాళ్లు కొందరు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? సరే, అయితే మొదలుపెడతాను.

మా చిన్నప్పుడు కాకినాడలో వేసవి మధ్యాహ్నాలు వీధిలో ఒక కేక వినపడేది. "బిందెలకు సొట్టలు తీస్తాం, మాట్లు వేస్తాం, కళాయి వేస్తాం" అని. మా అమ్మ ఇత్తడి బిందె తీసుకెళ్లి ఇచ్చేది. ఆయన సుత్తి ముట్టుకునే ముందు బిందెను అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "ఇది నూతి గట్టుకి కొట్టుకుందమ్మా" అనేవాడు, లేదా "ఇది మీ పిల్లలు పడేసిందే" అనేవాడు. రెండోది నా గురించే. (నవ్వులు) సొట్ట ఎలా పడిందో ఆయనకి ఎవరూ చెప్పేవాళ్లు కాదు. సొట్ట ఏ చోట ఉంది, ఏ ఆకారంలో ఉంది, అంచు పదునుగా ఉందా నున్నగా ఉందా, ఇవి చూసి తనే చెప్పేవాడు.

ఈరోజు నేను చెప్పబోయేదీ అదే విద్య. బిందె బదులు తూటా కేస్, అంతే తేడా.

ఇక్కడ సగం మంది ఇప్పటికే రీలోడింగ్ చేస్తున్నారు. మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. మనం తూటా అని ఒక్క మాటలో అనేది నిజానికి నాలుగు వస్తువులు: ముందు బుల్లెట్, వెనక నిప్పు రాజేసే ప్రైమర్, మధ్యలో మండే పౌడర్, ఈ మూడింటినీ పట్టుకుని ఉండే ఇత్తడి కేస్. పేల్చాక మిగిలేది కేస్ ఒక్కటే. దాన్ని శుభ్రం చేసి, డై అనే ఉక్కు అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టుకోవడమే రీలోడింగ్, హ్యాండ్‌లోడింగ్ అన్నా అదే. కేస్ భాగాలకు పేర్లు కూడా బిందెకు ఉన్నవే: అడుగు, ఒళ్లు, భుజం, మెడ, మూతి. అడుగు మందంగా, గట్టిగా ఉంటుంది. మెడ దగ్గరికొచ్చేసరికి పల్చగా, మెత్తగా ఉంటుంది. ఆ తేడా కావాలనే పెడతారు. లోహం 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఆ మిశ్రమానికి కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పేరే స్థిరపడిపోయింది.

వీడియో ఇండియా నుంచి చూసేవాళ్లకు ఒక మాట. అక్కడ లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం ఆయుధాల చట్టం ప్రకారం నేరం. పైగా నేను ఇవాళ చెప్పే మిలిటరీ క్యాలిబర్లలో మనకు బాగా తెలిసిన .303, 7.62 రెండూ అక్కడ ప్రొహిబిటెడ్ బోర్, అంటే మామూలు జనానికి నిషేధించిన రకం, కిందకే వస్తాయి. కాబట్టి మీరు విని ఊరుకోండి, ఇంట్లో ప్రయత్నించకండి. ఇది అమెరికాలో, చట్టం ఒప్పుకునే చోట, ప్రచురించిన లోడింగ్ మాన్యువల్ ముందు పెట్టుకుని చేసుకునే వ్యవహారం. ఇవాళ నేను పౌడర్ తూకాలు ఒక్కటి కూడా చెప్పను. అవి మాన్యువల్లో చూసుకోవాల్సినవి, నా నోటి నుంచి వినాల్సినవి కావు.

ఇప్పుడు నా అవమానం కథ చెబుతాను.

నేను మొదట కొన్న పాత రైఫిల్ జర్మన్ కరబీనర్ 98కె, 8 ఎంఎం మౌజర్. భుజం నొప్పి లేకుండా, ఖర్చు తక్కువలో కాల్చుకుందామని సీసం పోతపోసిన బుల్లెట్లతో తేలికపాటి లోడ్లు, అంటే పౌడర్ తక్కువ పోసిన తూటాలు, చేశాను. మొదటి ఇరవై కాల్చి కేసులు ఏరుకుని చూస్తే పన్నెండింటికి సొట్టలు. భుజం దగ్గర మొదలై ఒంటి మీదకు దిగిన సొట్ట. మైనం ముద్దని బొటనవేలితో నొక్కినట్టుంది. అంచుల్లో పదును లేదు.

నేనేమనుకున్నానో చెప్పనక్కర్లేదు. ఇత్తడి వంగిపోయిందంటే ప్రెషర్ ఎక్కువైపోయింది అనుకున్నాను. బుర్ర ఉన్నవాడెవడైనా అదే అనుకుంటాడు. కాబట్టి పౌడర్ తగ్గించాను. మరుసటి వారం ఇరవైలో పద్దెనిమిది సొట్టలు. ఇంకా లోతుగా. అప్పుడు టెన్షన్ మొదలైంది. చాంబర్, అంటే నాళం వెనక తూటా కూర్చునే గది, పాడైందని నిశ్చయించుకుని తుపాకులు బాగుచేసే ఒక గన్‌స్మిత్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన డబ్బులు తీసుకుని, చూసి, చాంబర్‌లో ఏ లోపమూ లేదన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు.

చివరికి విషయం చెప్పింది రేంజ్‌లో పక్క బెంచీ మీద కూర్చునే ఒక పెద్దాయన. నా కేసులు చేతిలోకి తీసుకుని సొట్టల వైపు చూడనే లేదు. మెడ దగ్గర వేలితో రాశాడు. వేలు నల్లబడింది. "మసి ఎంత దూరం దిగిందో చూశావా?" అన్నాడు. చూశాను. మెడ మొత్తం నలుపు, భుజం దాటి ఒంటి మీదకు చారలు చారలుగా దిగింది. ప్రతి చారా ఒక సొట్టలోకే పోతోంది. "నీ లోడ్ ఎక్కువై కాదు, తక్కువై ఇలా అయింది" అన్నాడు.

నేను ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ఇదే. పాత రైఫిల్లో సొట్ట కనపడగానే చేయి పౌడర్ తగ్గించే వైపు పోతుంది. చాలాసార్లు అది తప్పు వైపు. ముందు మసి చూడాలి.

ఎందుకలా అవుతుందో చెబుతాను. ప్రెషర్ కుక్కర్ స్టవ్ మీద పెట్టగానే ఏమవుతుంది? మొదట మూత పక్కల నుంచి ఆవిరి బుసబుసమని పోతుంది. లోపల ఒత్తిడి కాస్త పెరిగాక గాస్కెట్ అంచుకి గట్టిగా అతుక్కుంటుంది, లీకు ఆగిపోతుంది. మంట మరీ చిన్నగా ఉంటే? గాస్కెట్ అతుక్కోదు, మూత పక్కల నుంచి ఆవిరి పోతూనే ఉంటుంది, కూత రాదు. కేస్ మెడ పని సరిగ్గా గాస్కెట్ పనే. పౌడర్ అంటుకోగానే మెడ ఉబ్బి చాంబర్ గోడకి అతుక్కోవాలి, గ్యాస్ వెనక్కి రాకుండా మూసేయాలి. ప్రెషర్ తక్కువైనా, నెమ్మదిగా పెరిగినా, మెడ ఇత్తడి గట్టిపడి బిరుసెక్కినా ఆ మూత సమయానికి పడదు. గ్యాస్ మెడ పక్క నుంచి వెనక్కి జారి, కేస్‌కి చాంబర్ గోడకి మధ్య ఉన్న ఖాళీలో చేరుతుంది. ఏ క్షణంలోనైనా బయట ఒత్తిడి లోపలి ఒత్తిడిని మించిందా, పల్చటి ఇత్తడి లోపలికి పోతుంది. అదే మీ సొట్ట. పౌడర్ తగ్గించి నేను చేసిందల్లా మంట ఇంకా చిన్నది చేయడం.

మరి కొత్త రైఫిళ్లలో ఇది ఎందుకు అరుదు, పాత మిలిటరీ వాటిలో ఎందుకు ఎక్కువ? చాంబర్ కొలతల్లో ఉంది సంగతి. వేట రైఫిల్ చేసేవాడు చాంబర్‌ని బిగువుగా కోస్తాడు. మిలిటరీ వాడికి కచ్చితత్వం కంటే ముందు ఒకటే దిగులు: బురదలో, ఇసుకలో, ఏ ఫ్యాక్టరీ తూటా వేసినా దాని వెనక చాంబర్‌ని మూసే బోల్ట్ మూసుకోవాలి, తూటా పేలాలి, ఖాళీ కేస్ బయటికి రావాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడావాళ్ల రాస్ రైఫిల్ కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. బిగువైన చాంబర్‌తో గురి బ్రహ్మాండంగా ఉండేది. 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర బురదలో, బ్రిటిష్ తూటాలతో బోల్టులు బిగుసుకుపోయాయి. సైనికులు బూటు కాలితో తన్ని తెరవాల్సి వచ్చింది. తర్వాత ఆ చాంబర్లను పెద్దవి చేశారు. బ్రిటిష్‌వాళ్ల లీ ఎన్‌ఫీల్డ్‌లో మొదటినుంచీ ఆ ఉదారం, అంటే చాంబర్ వదులు, ఉంది. యుద్ధంలో అది ఇంకా పెరిగింది.

లీ ఎన్‌ఫీల్డ్ అంటే ఏదో విదేశీ వస్తువు అనుకోకండి. మన త్రీనాట్‌త్రీ అదే. పోలీస్ స్టేషన్ సెంట్రీ చేతిలో, బ్యాంకు గుమ్మం దగ్గర, ఎన్నికల బూత్ దగ్గర మనం చూస్తూ పెరిగిన తుపాకి. నేను ఎన్‌సీసీలో డ్రిల్ చేసింది దానితోనే. కాల్చనిచ్చింది మాత్రం .22. (నవ్వులు) కలకత్తా పక్కన ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు చేశారు. 1960లలో అదే రైఫిల్‌ని 7.62 తూటాకి మార్చి 2ఎ, 2ఎ1 అని కూడా తీశారు. అవి ఇప్పుడు ఇక్కడ అమెరికాలో గన్ షోల్లో దొరుకుతాయి. మొదటిసారి బల్ల మీద ఇషాపూర్ ముద్ర చూసినప్పుడు నాకు ఊరివాడు కనపడినట్టయింది.

సరే, మళ్లీ సొట్టకి వద్దాం. 8 ఎంఎం మౌజర్‌కి ఇంకో ప్రత్యేకమైన పీడ ఉంది. 1888 నాటి పాత జర్మన్ రైఫిళ్లలో బుల్లెట్ వ్యాసం .318 అంగుళాలు. తర్వాత జర్మన్లు .323కి మారారు. పాతదానిలో కొత్త లావు బుల్లెట్ ఎవరైనా పెట్టేస్తే ప్రమాదమని అమెరికాలో ఈ తూటాకి ప్రెషర్ పరిమితి 35,000 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దగ్గరే ఆపేశారు. పోల్చుకోవడానికి చెబుతున్నాను, అమెరికన్ సైన్యం పాత తూటా థర్టీ ఆట్ సిక్స్‌కి ఆ పరిమితి 60,000. యూరప్‌లో అదే 8 ఎంఎంకి 3,900 బార్ దాకా, అంటే సుమారు 56,500 పీఎస్‌ఐ దాకా అనుమతి. అందుకని అమెరికన్ మాన్యువల్లో కనిష్ఠ లోడ్ చేసుకుని, ఉదారమైన మిలిటరీ చాంబర్‌లో కాలిస్తే, మెడ మీద మసి రావడం వింతేమీ కాదు. మాన్యువల్ తప్పు అని నేననడం లేదు. మీ రైఫిల్ నాళం .318దో .323దో సీసం ముక్క దూర్చి కొలిచేదాకా ఆ జాగ్రత్త సమంజసమే.

ఇప్పుడు మందు. మసీ సొట్టా కలిసి కనపడితే నేను వెళ్లే వరస ఇది. మొదట చాంబర్ ఆరబెట్టడం. నూనె తడి ఉంటే గుడ్డతో తుడిచేయాలి. కేస్ గోడని పట్టుకోవాలంటే రెండూ పొడిగా ఉండాలి. తర్వాత, లోడ్ మాన్యువల్ పరిధిలో అడుగున ఉంటే, ఆ పరిధిలోపలే కొద్దికొద్దిగా పైకి. పరిధి దాటడం అనే మాటే లేదు. పోత బుల్లెట్లయితే, పోత బుల్లెట్ల కోసమే ప్రచురించిన లోడ్‌లో త్వరగా మండే పౌడర్‌కి మారడం. నాకు చివరికి పనిచేసింది ఇదే. ప్రెషర్ శిఖరం పెద్దది కాకపోయినా త్వరగా లేస్తుంది, మెడ సమయానికి మూసుకుంటుంది.

చేయకూడనిది ఒకటుంది, దీన్ని గట్టిగానే చెబుతాను. నెమ్మదిగా మండే పౌడర్‌ని మాన్యువల్లో చెప్పిన కనిష్ఠం కంటే తగ్గించకండి. "తక్కువ పౌడర్, తక్కువ ప్రమాదం" అనే లెక్క అక్కడ చెల్లదు. అలాంటి తగ్గించిన లోడ్లతో రైఫిళ్లు పేలిపోయిన సందర్భాలున్నాయి. ఇంకోటి, లోడ్ మరీ పేలవమైతే బుల్లెట్ నాళంలోనే ఇరుక్కుంటుంది. శబ్దం టప్ మని వింతగా వస్తే ఆగి, ఖాళీ చేసి, నాళంలోంచి చూడండి. వెనకాలే రెండోది కాల్చారంటే ఇక సొట్టల గురించి మాట్లాడుకోవాల్సిన పని ఉండదు.

మసి లేదు, సొట్ట మాత్రం ఉంది. అప్పుడు కథ వేరు.

డైలో నొక్కిన తర్వాత, కాల్చకముందే భుజం మీద చిన్న గుంటలు కనపడితే అది లూబ్రికెంట్ ఎక్కువవడం. కొత్తవాళ్లు అందరూ చేస్తారిది. డైలో కేస్ ఇరుక్కుపోతుందన్న భయంతో జిడ్డు దట్టంగా పూస్తారు. జిడ్డు ద్రవం. ద్రవాన్ని నొక్కితే చిన్నదవదు. డై భుజం మూలలో చేరి, కదలడానికి చోటు లేక, ఇత్తడినే లోపలికి తోస్తుంది. చాలా డైలకి గాలి పోవడానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. అది పాత జిడ్డుతో, మట్టితో మూసుకుపోతే ఒక మోస్తరు లూబ్రికెంట్‌కే సొట్టలు పడతాయి. డై విప్పి, కడిగి, ఆ రంధ్రంలో సన్న తీగ పెట్టి తీయండి. జిడ్డు వేళ్లకి అంటీ అంటనట్టు ఉంటే చాలు. భుజం మీద, మెడ బయట అసలు వద్దు. ఇలా పడిన చిన్న నున్నటి గుంటలు మామూలు లోడ్‌తో కాలిస్తే వాటంతటవే సర్దుకుంటాయి. చాంబరే సొట్టలు తీసే మనిషి అన్నమాట.

మూతి ఒక పక్క నొక్కుకుపోయి అర్ధచంద్రాకారంలో ఉంటే అది కేస్ బయటికి ఎగిరి దేనికో కొట్టుకోవడం. చేత్తో బోల్ట్ లాగే రైఫిల్‌లో ఇది అరుదు, కేస్‌ని తనే విసిరేసి తర్వాతి తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌లలో మామూలు. ఎం1 గారాండ్, ఎస్‌వీటీ 40, ఎస్‌కేఎస్, మన సైన్యం కూడా ఎస్‌ఎల్‌ఆర్ పేరుతో వాడిన ఎఫ్‌ఎన్ ఎఫ్‌ఏఎల్, వీటన్నిటికీ కేస్‌ని విసిరికొట్టే అలవాటుంది. ఎఫ్‌ఏఎల్‌లో గ్యాస్ రెగ్యులేటర్ తిప్పి గ్యాస్ తగ్గిస్తే విసురు తగ్గుతుంది. అన్నిటికంటే మొరటుది జర్మన్ జీ3 కుటుంబం. దాని చాంబర్‌లో గాడులుంటాయి కాబట్టి కేస్ ఒంటి మీద పొడుగు చారలు పడతాయి. చూసి కంగారు పడకండి, అది దాని సంతకం. దాని కేసులకి ఒంటి మధ్యలో పెద్ద సొట్ట కూడా పడుతుంది. కేస్ బయటికి వచ్చే కిటికీ అంచుకి బిగించే బఫర్ దొరుకుతుంది, అది సగం రక్షిస్తుంది. మూతి సొట్టని మాత్రం సైజింగ్ డైలోకి నేరుగా తోయకండి. ముందు కోసుగా ఉన్న కడ్డీ ఒకటి మూతిలో పెట్టి గుండ్రంగా చేయండి. లేకపోతే ఆ మడత అలాగే గీతగా మిగిలి తర్వాత అక్కడే చీలుతుంది.

బుల్లెట్ కూర్చేటప్పుడు భుజం కింద పీపాలా ఉబ్బడం ఇంకొకటి. కంటికి ఆనదు, కానీ బోల్ట్ మూసుకోదు. బుల్లెట్ కూర్చే సీటింగ్ డై మరీ కిందికి దించి బిగించినప్పుడు, దానిలో ఉన్న క్రింప్ అంచు, అంటే మూతిని బుల్లెట్ మీదకి నొక్కి బిగించే అంచు, మూతిని పట్టుకుని కిందికి తొక్కుతుంది. బుల్లెట్‌కి క్రింప్ గాడి లేకపోతే ఆ తోపు అంతా భుజం మీదే పడుతుంది. డైని పైకి ఎత్తి బిగించుకోండి, మూతి లోపలి అంచుని కాస్త ఏటవాలుగా గీకి చాంఫర్ చేయండి, సరిపోతుంది.

తూటాలు పేర్చి ఉండే మ్యాగజైన్ నుంచి చాంబర్‌లోకి ఎక్కేటప్పుడు పడే సొట్టలు తెలుసుకోవడానికి పౌడర్, ప్రైమర్ లేని డమ్మీ తూటాలు రెండు మూడు చేసి పెట్టుకోండి. మెల్లగా ఎక్కించి, తీసి, చూడండి. కాల్చకుండానే గీత పడితే దోషం మ్యాగజైన్ పెదవులదో, తూటాని చాంబర్‌లోకి ఎక్కించే ర్యాంప్‌దో. త్రీనాట్‌త్రీ, రష్యన్ మోసిన్ లాంటి, అడుగున అంచు బయటికి ఉండే తూటాల్లో పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడితే ఇరుక్కుంటుంది. అప్పుడు బలంగా తోస్తే మెడ వంగుతుంది. ఎక్కించేటప్పుడే సర్దుకోవాలి.

ఇక బిరుసు సంగతి. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

ఇత్తడిని వంచేకొద్దీ గట్టిపడుతుంది. నాలుగైదు సార్లు కాల్చి, నొక్కి, కాల్చిన కేస్ మెడ కొత్తదానిలా ఉబ్బదు. ఉబ్బనప్పుడు గ్యాస్ వెనక్కి జారుతుంది, మనం మళ్లీ మసి, సొట్టల దగ్గరికే వస్తాం. తణుకు దగ్గర అజ్జరంలో ఇత్తడి సామాను చేసే చోట చూసినవాళ్లుంటే గుర్తు తెచ్చుకోండి. సాగగొట్టే మధ్యలో కాచి మెత్తబరుచుకుంటారు. కాచకుండా కొడుతూ పోతే రేకు చీలుతుంది. మనం చేసే ఎనీలింగ్ అదే. గ్యాస్ టార్చ్ మంటలో మెడనీ భుజాన్నీ తిప్పుతూ కొన్ని సెకన్లు. 750 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర రంగు మారే ద్రవం అమ్ముతారు, అది వాడుకుంటే ఊహాగానం ఉండదు. అడుగు భాగానికి వేడి పాకకూడదు. అడుగు మెత్తబడిన కేస్ పనికిరాదు, పారేయండి. నీళ్లలో ముంచితే గట్టిపడుతుందేమో అని అడుగుతారు. అది ఉక్కు లక్షణం, ఇత్తడిది కాదు. నీళ్లు వేడి కిందికి పాకకుండా ఆపుతాయి, అంతే.

ఇందులో మన దేశానిది ఒక పాత కథ ఉంది. బ్రిటిష్ కాలంలో ఇండియాలో వానాకాలం వస్తే సైన్యం కదలికలు తగ్గేవి. తూటాలను గుర్రపు శాలల్లో నిల్వ పెట్టేవాళ్లు. వానలు తగ్గాక తీసి చూస్తే ఇత్తడి కేసులు బీటలు వారి ఉండేవి. ఎవరూ తాకలేదు, కాల్చలేదు, వాటంతటవే పగిలాయి. ఋతువుని బట్టి వస్తోంది కాబట్టి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో గానీ కారణం తేలలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, దానికి తోడు తయారీలో కేస్ లోహంలో మిగిలిపోయిన బిగువు. రెండూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. బిగువు తీసేసే మార్గం మళ్లీ ఎనీలింగే. మిలిటరీ కేసుల మెడ మీద నీలంగా, ఇంద్రధనుస్సు రంగుల్లో మరక కనిపిస్తుంది చూశారా? అది మురికి కాదు, ఫ్యాక్టరీలో కాచిన గుర్తు.

ఇంట్లో గుర్రాలెవరికీ లేవు కదా అని నవ్వకండి. ఇత్తడి సామాను తోమే కొన్ని పాలిష్‌లలో, నాళంలో రాగి తీసే కొన్ని సాల్వెంట్లలో అమోనియా ఉంటుంది. కేసులు తళతళలాడాలని వాటితో తోమేవాళ్లని చూశాను. దీపావళికి దీపపు కుందులు తోముకోండి, కేసులు వద్దు.

ప్రశ్నలకి వెళ్లేముందు ఒక్కటి. ఇది సొట్ట కాదు, కానీ సొట్ట కంటే భయపడాల్సింది. త్రీనాట్‌త్రీ కేస్ అడుగుకి కాస్త పైన, చుట్టూ ఒక మెరిసే గీత కనపడితే ఆ కేస్ తెగడానికి సిద్ధంగా ఉంది. ఆ తూటా అంచు మీద నిలుస్తుంది, భుజం మీద కాదు. చాంబర్‌లో భుజం ముందుకి ఉంటుంది. కాల్చినప్పుడు కేస్ ముందుకు సాగుతుంది, మనం డైలో పూర్తిగా నొక్కి వెనక్కి తోస్తాం, మళ్లీ సాగుతుంది. సాగే చోట గోడ పల్చబడుతుంది. పేపర్ క్లిప్ కొస వంచి లోపల అడుగు దగ్గర గీయండి. గాడి తగిలితే పారేయండి. మెడ మాత్రమే సైజ్ చేసుకుంటే కేస్ ఆయుష్షు చాలా పెరుగుతుంది. సొట్టలకి కూడా ఇదే మేలు, ఎందుకంటే చాంబర్‌కి సరిపోయేలా ఉబ్బిన కేస్‌ని మనం మళ్లీ చిన్నది చేయడం లేదు. గ్యాస్ దూరడానికి ఖాళీయే తక్కువ.

అడగండి.

(ప్రశ్న: సొట్ట పడిన కేస్‌ని మళ్లీ లోడ్ చేయవచ్చా?)

నున్నగా, లోతు లేకుండా ఉంటే చేయవచ్చు. వేలిగోరుతో గీస్తే గోరు ఆగే మడత ఉంటే వద్దు. అడుగు దగ్గర ఎలాంటి సొట్టైనా వద్దు. లోతైన సొట్ట లోపలి జాగాని తగ్గిస్తుంది, కాబట్టి అలాంటి కేస్‌లో గరిష్ఠ లోడ్ ఎప్పుడూ పెట్టకండి. అయినా ఒక కేస్ ఖరీదెంత చెప్పండి? అనుమానం వస్తే శ్రావణంతో మూతి నొక్కేసి తుక్కు డబ్బాలో వేయండి. నొక్కకుండా వేస్తే వచ్చే వారం మీరే దాన్ని మళ్లీ ఏరుకుంటారు, నేను ఏరుకున్నాను.

(ప్రశ్న: బాబాయ్ గారూ, మసి ఉంది, సొట్ట లేదు. ప్రైమర్ మాత్రం కొంచెం బయటికి పొడుచుకొచ్చింది. అది ఎక్కువ ప్రెషరా?)

అదీ తక్కువే అమ్మా, చాలావరకు. ప్రైమర్ పేలగానే వెనక్కి తోసుకుంటుంది. ప్రెషర్ సరిపడా ఉంటే కేస్ అడుగు కూడా వెనక్కి వచ్చి బోల్ట్‌కి ఆనుకుంటుంది, ప్రైమర్ మళ్లీ లోపలికి కూర్చుంటుంది. తక్కువైతే కేస్ కదలదు, ప్రైమర్ అలాగే బయట ఉండిపోతుంది. ఎక్కువ ప్రెషర్‌లో ప్రైమర్ అంచులు చదునై, అప్పడంలా పరుచుకుంటాయి, బోల్ట్ ఎత్తడం బరువవుతుంది. నీకు బోల్ట్ తేలిగ్గా లేచిందా? ఆఁ, అయితే తక్కువే. కానీ హెడ్‌స్పేస్, అంటే తూటా అడుగుకి బోల్ట్‌కి మధ్య ఖాళీ, ఎక్కువున్నా ఈ గుర్తు కనపడుతుంది, కాబట్టి ఒకసారి గేజ్ పెట్టి చూపించుకో. ఏ రైఫిల్? నంబర్ 4 ఎన్‌ఫీల్డ్ అయితే .074 అంగుళాల గేజ్ మీద బోల్ట్ మూసుకోకూడదు. మూసుకుంటే పెద్ద నంబరు బోల్ట్ హెడ్, అంటే బోల్ట్ ముందు కొస ముక్క, వెతుక్కోవాలి. సున్నా నుంచి మూడు దాకా ఉంటాయి. మూడు ఇప్పుడు దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతోంది.

(ప్రశ్న: ప్రతి కేస్‌కీ సొట్ట ఉంది, కానీ ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కావడం లేదు. ఎలా పట్టుకోవాలి?)

నల్ల మార్కర్ తీసుకో. పది తూటాలకి అడుగు అంచు మీద ఒక చుక్క పెట్టు. ఒక్కొక్కటీ చాంబర్‌లో పెట్టేటప్పుడు చుక్క సరిగ్గా పైకి, గడియారంలో పన్నెండు ఉన్న చోట ఉండేలా పెట్టు. కాల్చాక బోల్ట్ మెల్లగా తెరిచి, కేస్ ఎగిరిపోకుండా చేత్తో తీసుకో. పదీ వరసగా నిలబెట్టి చూడు. సొట్ట అన్నిట్లోనూ చుక్కకి ఒకే వైపు ఉంటే చాంబర్‌ని అనుమానించు, టార్చ్ వేసి ఆ వైపు గోడ చూడు. ఒక్కోదాంట్లో ఒక్కో వైపు ఉండి మసి కూడా ఉంటే, నేను మొదట చెప్పిన గ్యాస్ కథే. చేత్తో తీస్తే సొట్టే లేకపోతే, ఇన్నాళ్లూ అది పడింది బయటికి ఎగిరాక. నేను ఆ గన్‌స్మిత్‌కి డబ్బు కట్టేముందు ఈ పది చుక్కలు పెట్టి ఉంటే బావుండేది. అక్కడ బల్ల మీద ట్రేలో ఆ పన్నెండు కేసులూ పెట్టాను, భోజనానికి వెళ్లేలోపు చేతిలోకి తీసుకుని చూడండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, వాటి మీద సీసం మసి ఇంకా ఉంది.